జిల్లేడు మొదట్ల పాలు

1964 ఆగస్టు 23, ఆదివారం

పాటలు రాసుకుందామని తెచ్చుకున్న బుక్కు ఇది. ఆడోళ్ల ప్రార్థన కూడికల పాడేటివి నాలుగు పాటలు రాసిన గూడ. ఇంక పాటలు బంద్. ఈ బుక్కుల నా కోసమే రాసుకుంట. మిషన్ బోర్డింగుల దొరసాని నా చేతిరాత దిద్దింది గాని నాలిక దిద్దలేకపోయింది. అందుకే మాట్లాడినట్టే రాస్త. ఎవరు చూడొచ్చిండ్రు.

బిడ్డ పోయింది.

రాస్తే ఏమన్న తక్కువైతదేమో అనుకున్న. కాలే.

ఆగస్టు 25

కాలువకు గండి పడకపోతే బాప్తిస్మమిచ్చే అయ్యగారు వచ్చేటోడు. జవళగేర సడక్ నుంచి మా పాలెందాక ఉన్న బాటంత తెగిపోయి బురదైంది. అయ్యగారి జీపు మాన్వి కాడ్నుంచే వాపస్ పోయిందని ఖబర్ వచ్చింది. అప్పటికే బిడ్డ ఒళ్లు పెనం తీరు కాలుతుంది.

నా మొగని ముందట నేనెంత మొత్తుకున్న! "నువ్వే ఇయ్యి బాప్తిస్మం. పాలెం చుట్టు నీళ్లే ఉన్నయి, ఒక్క దోసెడు పొయ్యి" అని కాళ్లు పట్టుకున్న. ఈయన కాళ్లు ఎనుకకు గుంజుకున్నడు. "నాకు అధికారం లేదు, నేను వాక్యం చెప్పే ఉపదేశిని మాత్రమే. అయ్యగారొస్తడు, రేపొస్తడు" అనుకుంట బాట దిక్కే చూసిండు. బాట ఏడుంది చూసేతందుకు? నీళ్లే.

తాయప్ప అని పేరు పెట్టి రాస్తున్న. నోటితోటి మొగని పేరు అనేది లేదు గద, ఈ బుక్కులన్న అంట. తాయప్పా, తాయప్పా, ఒక్క దోసెడు నీళ్లు.

బిడ్డకు పేరు గూడ లేకపాయె. పేరు అయ్యగారి నోట్లకెంచి బాప్తిస్మం నాడే రావాలన్నడు. మనసుల ఏదో అనుకున్నడు, నాకు చెప్పలే. నేను బుడ్డదీ అని పిల్చేది. బుడ్డదీ అంటే నవ్వేది.

ఆగస్టు 27

వాన.

ఆగస్టు 28

బిడ్డను పూడ్చేతందుకు సంఘం బొందలగడ్డల జాగ ఇయ్యలే. ఇయ్యలేదని రాస్తే తప్పు. ఈయనే అడగలే. సంఘం పెద్ద దుర్గప్ప నోరు తెరవకముందే ఈయన అన్నడు, "యంకవ్వ కొడుక్కు కాని జాగ నా బిడ్డకు ఎట్లయితది?" అని. కాలువ కొత్తగొచ్చిన ఏడు యంకవ్వ కొడుకు పాలు తాగే ఈడుల పోయిండు, వానికి గూడ బాప్తిస్మం కాలేదు. అప్పుడు జాగ లేదన్నది ఈయనే. మేము యరగేర నుంచి ఈ పాలేనికి కొత్తగ వచ్చినం. యంకవ్వ గుండెలు కొట్టుకుంటుంటే నేను ఈయన ఎనుక నిలబడి తలూపిన.

మా ఉపదేశి ప్రతి ఆదివారం చెప్పే మాటనే అది. బాప్తిస్మం కాని బిడ్డ ఆదాము పాపంలనే ఉంటది, దానికి పరలోకం గడప లేదు, అని. పిల్లలున్న తల్లులు ఆ మాటినంగనే కొంగు నోట్ల కుక్కుకునేటోళ్లు. ఆ తెల్లారి నుంచే "అయ్యగారు ఎప్పుడొస్తడు, మా పిల్లగానికి నీళ్లియ్యాలె" అని మా ఇంటికి వచ్చేటోళ్లు. మంచిగ పని చేసింది ఆ మాట.

నా బిడ్డను కాలువ కట్ట కింద, జిల్లేడు పొదల నడుమ పెట్టిండ్రు. యంకవ్వ కొడుకు గూడ ఆడనే ఉన్నడు.

ఆగస్టు 30, ఆదివారం

కూడికకు పోలే.

రైక తడుస్తనే ఉన్నది. బిడ్డ లేదని పాలకెవరు చెప్తరు? చన్నులు రాళ్లయి పట్టుకుంటే పానం పోతుంది. పొద్దుగాల పాలు పిండి పెరట్ల పారబోస్తుంటే యంకవ్వ చూసి ఉరికొచ్చింది.

"ఓసి నీ పాడుగాను! చనుబాలు నేల మీద పోస్తరానే? తొక్కుతరు. చీమలు పడతయి."

"ఏం చెయ్యమంటవు మరి?"

"నేనేం చేసిన్నో అదే చెయ్యి. జిల్లేడు మొదట్ల పొయ్యి. అది పాలు గారే చెట్టు, తల్లి లెక్క. బిడ్డకు అందిస్తది."

నాకు కోపమొచ్చింది. "యంకవ్వా, నువ్వు ప్రభువును ఒప్పుకున్నదానివి. గిట్ల చెట్లకు పోస్తవా?"

యంకవ్వ నవ్వింది. దానికి ముందటి పండ్లు లేవు. "ఒప్పుకున్న తల్లీ. నేను చచ్చిపోతే నాకు గడప ఉన్నది. నా కొడుక్కు లేదు గద. ఏడ తిరుగుతున్నడో, ఏం తింటున్నడో. నా పాలు ఆగిపోయినంక బర్రెపాలు పోస్తున్న, ఒక చిప్పెడు. ఎవ్వరికి మాలూం లేదు. నువ్వు గూడ చెప్పకు."

చెప్పనన్న.

సెప్టెంబరు 1

పోసిన. నమ్మి కాదు. నేను బోర్డింగుల చదివినదాన్ని. పాలు ఏడనో ఒక దగ్గర పొయ్యాలె గద, అందుకే.

సెప్టెంబరు 2

పోసిన. దోవల అటే పోతుంటి.

సెప్టెంబరు 5

పోసిన. తొందరగ రాబుద్ధి కాలే. జిల్లేడాకుల మీద దుమ్ముంటే కొంగుతోటి తుడిచిన.

సెప్టెంబరు 9

ఇయ్యాల నాటుకు పోయి ఆలస్యమైంది. పొద్దు కుంకుతుంది. ఉరుకుంట పోయిన. బుడ్డదీ, లేటయిందే, కోపం చెయ్యకు అన్న. అన్నంక నాకే సిగ్గయింది.

నమ్ముతున్నవా పంపమ్మా? అని నన్ను నేనే అడుక్కున్న. నమ్ముతున్న. నమ్మకుండ ఎట్లుంటది? ఈయన అబద్ధం చెప్పేటోడు కాదు. గడప లేదన్నడంటే లేదు. పాపం ఏందో, రక్షణ ఏందో ఈయనకు తెలిసినంత ఈ పాలెంల ఎవరికి తెలుసు? గడప లేని బిడ్డ బయటనే ఉంటది. బయట ఉన్న బిడ్డకు ఆకలైతది. గింత సీదా లెక్క నాకు తెల్వదా?

సెప్టెంబరు 17

కాలువ అవతల, నీళ్లొచ్చినంక భూములు కొని దిగిన ఆంధ్రోళ్ల క్యాంపు నుంచి లలితాంబ అనే ముసలమ్మ వచ్చింది. వాళ్ల వరిమళ్లల్ల మేము నాటుకు, కలుపుకు పోతం. పోయినేడు వాళ్ల బాయి కాడ నా బిందె తగిలిందని తన బిందెనంత తోమిచ్చిన తల్లి ఈమెనే. ఇయ్యాల మా ఇంటి ముందట నిలబడి కండ్ల నీళ్లు పెట్టుకుంటుంది.

"అమ్మాయ్, మా పిల్లకి పురిటి జ్వరం తగ్గట్లేదు. పాలు పడలేదు. మనవడు మేకపాలు పోస్తే కక్కేస్తున్నాడు. ఏడ్చి ఏడ్చి గొంతు కూడా పోయింది వాడికి. నీకు పాలున్నాయని విన్నాను. పూటకొకసారి వచ్చి ఇచ్చి వెళ్లవా? నీకు దణ్ణం పెడతాను."

"మేము ముట్టుకుంటే మైల గద అమ్మా?"

"ఆకలికి మైలేంటమ్మా."

బిందెకు మైల ఉన్నది, ఆకలికి లేదు. ఆ మాట నాలిక మీదికొచ్చింది, మింగిన. నిజం చెప్తే అది కాదు అడ్డం. ఆమె మీద గుస్స గూడ లేదు. "ఈ పాలకు మనిషున్నది అమ్మా, నేనియ్యలేను" అన్న.

ఆమెకు సమజ్ కాలే. జెరసేపు నిలబడి పోయింది.

సెప్టెంబరు 18

రెండు చన్నులు ఉన్నయి గద, ఒకటి వానికి ఒకటి దీనికి ఇస్తే? అనుకున్న. మల్ల భయమైంది. ఇప్పటికే తగ్గుతున్నయి. నా బిడ్డకు నేను తప్ప ఎవరున్నరు? వానికి నాయనమ్మ ఉన్నది, అమ్మమ్మ ఉన్నది, క్యాంపంత ఉన్నది.

సెప్టెంబరు 24

గాలి ఇటు తిరిగితే ఆ పిల్లగాని ఏడుపు ఇనవడతది. కాలువ అవతలికెంచి. ఏడుపు గూడ కాదు, పిల్లికూన తీరు. అది ఇనంగనే నా రైక తడిసింది. సిగ్గు లేని పాలు. నేను వద్దంటే గూడ వానికి జవాబు చెప్తున్నయి.

చెవుల పత్తి పెట్టుకున్న. తడిసిన రైకతోటే జిల్లేడు కాడికి ఉరికిన.

అక్టోబరు 2

దుర్గప్ప చూసిండు. కాలువ కట్ట మీద గొడ్లను తోలుకొస్తుంటే చూసిండట. మా ఇంటికే వచ్చి ఈయన ముందట కూసొని, నన్ను చూడకుండ, "ఉపదేశి పెండ్లామే చెట్టుకు పాలు పోసి పూజ చేస్తుంటే సంఘంల ఎవరు నిలబడతరు?" అన్నడు.

దుర్గప్ప పోయినంక ఈయన తలుపు దగ్గరికేసిండు. తర్వాత మెల్లగ, "అవతల బతికున్న పిల్లగాడు ఏడుస్తుంటే ఇయ్యవు. చెట్టుకు పోస్తవా? గిది పాపమని తెల్వదా నీకు?" అన్నడు.

అప్పుడు పట్టలేకపోయిన. "ఏది పాపం? నువ్వే చెప్పినవు గద గడప లేదని! నేను మొదటి చాప మీద కూసొని ఇన్న. గడప లేని బిడ్డకు అన్నం ఎవరు పెడతరు? నీ దేవుడు పెట్టడు. తల్లి గూడ పెట్టొద్దా? నీ మాట నమ్మినందుకే పోస్తున్న. నమ్మకపోతే ఎందుకు పోస్త?"

ఈయన ముఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. భుజాలు కదిలినయి. నేను దగ్గరికి పోలే. పోతే బాగుంటుండె. పోలే.

అక్టోబరు 4, ఆదివారం

సంఘం తీర్పు: నేను గుమ్మం కాడ గోనెసంచి మీద కూసోవాలె. అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల పెట్టి రొట్టె పంచేనాడు అందరి ముందట నిలబడి తప్పు ఒప్పుకోవాలె. అప్పుడే రొట్టె. తీర్పు సదివింది మా ఉపదేశే. నా దిక్కు చూడలే.

పోయి గుమ్మం కాడ కూసున్న. చెప్పులు ఇడిసే జాగ అది. అందరు ఎనుకకు తిరిగి చూస్తున్నరు. ఇంతల ఆడోళ్లల్ల నుంచి యంకవ్వ లేసింది. చీర దులుపుకొని సక్కగ నా కాడికొచ్చింది.

"జరుగు జెర."

"నువ్వెందుకే?"

"నేను గూడ పోస్త గద. ఐదేండ్ల సంది పోస్తున్న." గట్టిగనే అన్నది. దుర్గప్ప నోరు తెరుసుకొని చూసిండు.

ఇద్దరం ఒక్క సంచి మీద ఇరుకుగ కూసున్నం.

అక్టోబరు 11

తగ్గుతున్నయి. పాలు పడతయని ఎల్లిగడ్డలు తింటున్న. మెంతులు నూరి తింటున్న. కడుపు మంట తప్ప ఏం లేదు.

అక్టోబరు 15

గిన్నె అడుగు తడిసింది. అంతే. గంతనే పోసి వచ్చిన.

అక్టోబరు 16

ఈయన అన్నం తింటలేడు. రొట్టె తుంపుకుంట తుంపుకుంట కూసుంటడు. నాకేం. తినకపోతే మానె.

అక్టోబరు 20

రాలే. ఒక్క చుక్క రాలే. బుడ్డదీ, నన్ను మాఫీ చెయ్యి. యంకవ్వ తన చిప్పలకెంచి సగం బర్రెపాలు నా గిన్నెల పోసింది. "అలవాటైతది, వాడు గూడ మొదట్ల ముఖం తిప్పుకున్నడేమో, తర్వాత తాగిండు" అన్నది. ఆ మాటకు ఇద్దరం నవ్వినం. ఎందుకు నవ్వినమో ఏమో.

నవంబరు 1, ఆదివారం

మెల్లమెల్లగ రాయాలె.

బాట బాగయింది, అయ్యగారొచ్చిండు. ముసలాయన, జీపు దిగేతందుకే చాలా తక్లీఫ్ పడ్డడు. వాక్యం చదివినంక బల్ల మీద తెల్లగుడ్డ తియ్యకముందే దుర్గప్ప లేసి మా సంగతి చెప్పిండు. ఇద్దరు ఆడోళ్లు చెట్టును పూజిస్తున్నరు, ఒప్పుకుంటే బల్లకు రానియ్యాలె, లేకుంటే ఎళ్లగొట్టాలె, అని.

అయ్యగారు గుమ్మం దిక్కు చూసి, "లెమ్మా. ఏమి జరిగినదో నీవే చెప్పుము" అన్నడు.

లేసిన. "తప్పు ఒప్పుకోను అయ్యగారూ. చెట్టుకు మొక్కలే. నా బిడ్డకు ఆకలైతది, పాలు పోసిన. మీరు రాకముందే పోయింది. బాప్తిస్మం కాలే. దానికి గడప లేదు గద, బయట ఉన్నది. బల్ల కాడికి నేనొచ్చి రొట్టె తింటే, బయట అదేం తినాలె?"

అయ్యగారు కండ్లద్దాలు తీసిండు, తుడిచిండు, మల్ల పెట్టుకోలే.

"నీ బిడ్డ బయట ఉన్నదని ఎవరు చెప్పినారమ్మా?"

అందరు ఈయన దిక్కు చూసిండ్రు.

ఈయన బల్ల పక్కన నిలబడి ఉన్నడు. "నేనే అయ్యగారూ" అన్నడు.

"నీకెవరు నేర్పినారు తాయప్పా?"

"ఎవరు నేర్పలే. పుట్టుకతోటే పాపం అని మీరు నేర్పిచ్చిండ్రు. మిగిలింది నేను కలిపిన. జనం పిల్లలను బాప్తిస్మానికి తొందరగ తెస్తరని జెర గట్టిగ చెప్పిన. చెప్పంగ చెప్పంగ నాకే నిజమైపోయింది." బల్ల మీది తెల్లగుడ్డ దిక్కు చూసుకుంట, "నా బిడ్డ గూడ బయటనే ఉన్నదనుకున్న అయ్యగారూ. రోజూ అనుకున్న" అన్నడు.

అయ్యగారు కుర్చీల కూలబడ్డడు. "అయ్యో, తండ్రీ" అన్నడు. నన్ను చూసి చెప్పిండు. "అమ్మా, వినుము. ఆ నీళ్లు మన కొరకు. మనము మరిచిపోకుండుటకు. దేవునికి మన గిన్నె అవసరము లేదు. నీ బిడ్డ కన్ను మూసిన ఘడియలోనే ఆయన ఒడిలో ఉన్నది. ఆకలి లేదు, దప్పి లేదు. ఒక్క దినమైనను బయట లేదు."

నేను గోడ పట్టుకున్న. సంతోషం రావాలె గద. ఏడుపు గూడ రాలే.

అప్పుడు పక్కనుంచి యంకవ్వ లేసింది. చిన్న గొంతుతోటి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"అయ్యగారూ, అయితే నా కొడుకు ఇన్నేండ్లు కడుపునిండనే ఉన్నడా?"

"ఉన్నాడమ్మా."

"మరి నేనెందుకు ఏడ్సిన?"

ఈయన బల్ల కాడ్నుంచి దిగి నడుసుకుంట వచ్చి, యంకవ్వ కాళ్ల కాడ, చెప్పుల నడుమ కూసున్నడు. యంకవ్వ ఆయన తల మీద చెయ్యి పెట్టబోయింది. పెట్టలే. కొంగు సదురుకొని బయటికి పోయింది.

బల్ల పెట్టిండ్రు. నన్ను పిలిచిండ్రు. రొట్టె తీసుకున్న. నోట్లనే పెట్టుకొని కూసున్న. ఈయన రొట్టెకు రాలే, చెప్పుల కాడనే ఉండిపోయిండు.

నవంబరు 2

మండుతుంది. బిడ్డ మంచిగున్నదని మండుతుందా నాకు? కాదు. అది మంచిగనే ఉన్నది. ఇన్నొద్దులు ఆకలైంది దానికి కాదు. నా పాలు జిల్లేడు తాగింది. ఆకలైనోడు అవతల ఏడ్సిండు, నేను చెవుల పత్తి పెట్టుకున్న.

నీ మాట నమ్మి తాయప్పా. నీ మాట నమ్మి.

యంకవ్వ ఇంటికి పోయిన. తలుపు తియ్యలే. లోపట్నుంచి, "ఇయ్యాల పొద్దుగూకినంక ఏం చెయ్యాలెనో తెలుస్తలేదే పంపమ్మా. చిప్పల పాలు పోసుకున్న. మల్ల బర్రె దూడకే పోసిన" అన్నది.

నవంబరు 3

పొద్దుగాలనే బయలెల్లిన. ఈయన వాకిట్ల ఉన్నడు. యాడికి అని అడగలే. నేనే "క్యాంపుకు" అన్న. ఈయన తల దించుకొని, "సంతోషమ్మ అనుకున్న" అన్నడు.

"ఏంది?"

"పేరు. సంతోషమ్మ అని పెడదామనుకున్న."

గింత జరిగినంక గిప్పుడా చెప్పేది! నవ్వొచ్చింది, దాని ఎంట ఏడుపొచ్చింది, మొదటిసారి గట్టిగ ఏడ్సిన, వాకిట్లనే, జనం చూస్తున్నా. ఈయన గూడ. దగ్గరికి పోయిన. భుజం మీద చెయ్యి ఏసిన. మాఫీ చేసిన్నో లేదో తెల్వదు. చెయ్యి మాత్రం ఏసిన.

కాలువ దాటి పోయిన. లలితాంబ ఎనుక తలుపు తీసింది. ఎందుకు రాలేదని అడగలే, ఎందుకొచ్చినవని గూడ అడగలే. ఆమె బిడ్డకు జ్వరం తగ్గి లేసి కూసున్నది, పాలు మాత్రం పడలేదట. పిల్లగాడు ఉగ్గుగిన్నెల మేకపాలకు జెర అలవాటు పడ్డడు. పక్కబొక్కలు లెక్కపెట్టొచ్చు, అట్లున్నడు. బతుకుతడు.

"నా ఒడిల ఎయ్యండమ్మా" అన్న. అరుగు మీద కూసున్న. వాడు నోరు తెరిసి పట్టుకున్నడు, గింత మనిషికి అంత పట్టు ఏడిదో. చీకిండు, చీకిండు. నా కండ్లల్ల నీళ్లొచ్చినయి, చన్నుల మాత్రం రాలే. నేను కడుపుల సంతోషమ్మా, సంతోషమ్మా అనుకుంటున్న. వాడు ఆగి నన్ను చూసి మల్ల పట్టుకున్నడు.

చాలాసేపటికి లలితాంబ వచ్చింది. "పాలు పడుతున్నాయా అమ్మాయ్?"

"లేవమ్మా. ఎండిపోయినయి."

ఆమె నిట్టూర్చి చేతులు చాపింది. "పోనీలే. ఇలా ఇవ్వు మరి."

"పిల్లగాడు ఇడుస్తలేడమ్మా, జెరసేపుండనియ్యండి" అన్న.

అబద్ధం. వాడు ఎప్పుడో ఇడిసిపెట్టి పండుకున్నడు.